ముంగట గొర్లున్నయ్, డ్రైవరన్నా

నవంబర్ 3

మోతిబిందు అంట. రెండు కండ్లల్ల పొర.

నాగర్‌కర్నూల్ దాంక పోయి, లైన్ల కూసోని, కండ్లల్ల చుక్కలేయించుకోని విన్న మాట ఇది. ఆ డాక్టర్‌కు మీసం కూడ సక్కగ మొల్వలే. "షుగర్ ఉన్నది కద, అందుకే గింత జల్ది వచ్చింది. ఆపరేషన్ చేస్తె పోతది. వేరే మందు లేదు. అప్పటిదాంక స్కూల్ బస్సు నడపకండి" అన్నడు. ఎంత అలకగ అన్నడు! స్టీరింగ్ పట్టుకోకుంటె నేనెవడ్ని? ఖిల్లా ఘణపూర్ రూట్ల పిల్లల తల్లులు గడియారం చూస్కోరు, ఈ శ్రవణ్ కుమార్ హారన్ ఇంటరు.

వనజ నా పక్కన కూసోని డాక్టర్ చెప్పే ప్రతి మాటకు తలకాయ ఊపుతుంది. పెండ్లామంటె నా దిక్కు ఉండాలె గద. బయటికొచ్చినంక "డేట్ అడుగుదాం" అన్నది.

"నీ కన్ను కోయించుకో పో" అన్న.

వనపర్తి దాంక నాతోని మాట్లాడలే. మంచిగైంది.

నవంబర్ 5

ఈ పెన్ను బాగలేదు. సిరా అలుక్కపోయినట్టు వస్తుంది. కొత్తది కొన్న.

నవంబర్ 6

కొత్తది కూడ గట్లనే ఉన్నది. దుకాణపోడు దొంగ.

నవంబర్ 9, ఆదివారం

శ్రీరంగాపూర్ పోయిన, అన్న తానికి. నాయన పోయినంక నన్ను పెంచి పెద్ద చేసింది భీమయ్యన్ననే. ఆయన చెప్తె నాకు డాక్టర్ చెప్పినట్టు.

అన్న ఎడమ కన్ను రెప్ప ఎత్తి చూపిచ్చిండు. ఉడకవెట్టిన గుడ్డు లెక్క తెల్లగున్నది. "తమ్మీ, ఇది డాక్టర్ చెయ్యి వెట్టిన కన్ను. క్యాంపుల ఆపరేషన్ చేసిండ్రు, వారం తిరగకముందే చీము పట్టింది. అడుగుదామని పోతె ఆ క్యాంపు లేదు, ఆ డాక్టర్ లేడు."

వంటింట్ల నుంచి రుక్కమ్మ వదిన అన్నది: "కట్టు ఇప్పకముందే నాటు కాడ బురదల దిగిండు. అది గూడ చెప్పరాదు?"

అన్న చెంబు ఇసిరిండు. గోడకు తాకింది. వదినకు నోరెక్కువ, మొదటి సంది అంతే.

అన్న చెప్పిండు. రాజోలి తాన ఒకాయన ఆకుపసరు పోస్తడంట. కత్తి లేదు, సూది లేదు. పొర దానంతట అదే ఊడొస్తదంట. గిట్లాంటి మాట చెప్పెటోడు ఒక్కడన్న ఉన్నడు నాకు.

నవంబర్ 12

జములమ్మ మీద మస్తు గుస్సా వచ్చింది. మా బస్సుల ఆయమ్మ. పిల్లలను ఎక్కిచ్చుడు, దించుడు ఆమె పని. బస్సు నడుపుడు నా పని. ఇయ్యాల పొద్దుగాల ఎండ మొఖం మీద కొడ్తుంటె రోడ్డంత పాలు పోసినట్టైంది. ఆమె ఎన్క నుంచి వచ్చి, డోర్ కాడ కడ్డీ పట్టుకోని, "ముంగట గొర్లున్నయ్, డ్రైవరన్నా" అన్నది.

"నాకు కనబడ్తలేవా?"

"కనబడ్తె బ్రేక్ ఎందుకు కొట్టలే?"

పిల్లలు నవ్విండ్రు. ముంగటి సీట్ల కూసునే ముబషిరా అందరికంటె ఎక్కువ నవ్వింది. మూడో తరగతి పోరి, ఘణపూర్‌ల సైకిల్ షాపు బాసిత్ బిడ్డ.

గొర్లు నాకు కనబడ్డయ్. జర ఆలస్యంగ కనబడ్డయ్, గంతే.

నవంబర్ 16, ఆదివారం

రాజోలి పోయొచ్చిన, అన్నతోని. పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా, శాంతినగర్, బస్సులు మారుడే సరిపోయింది. ఊరి బయట, ఏటి దిక్కు, రేకుల షెడ్డు. గద్వాల నుంచి వచ్చిండ్రు, రాయచూరు దిక్కు నుంచి వచ్చిండ్రు. సగం మంది కన్నడమే మాట్లాడ్తుండ్రు. గింతమంది పిచ్చోళ్లా?

తెల్ల బట్టల పెద్దమనిషి. మెల్లగ మాట్లాడ్తడు. లైట్ కొట్టడు, మిషిన్ల తలకాయ పెట్టుమనడు. రెప్ప ఎత్తి చూసి, "ఊడొస్తది. ముందు కుడి కన్ను. అది మంచిగైనంకనే ఎడమది. చేప, వంకాయ ముట్టొద్దు" అన్నడు. గుడ్డల ఆకు ముద్ద పెట్టి పిండిండు.

మిరపకాయ రుద్దినట్టైంది. నేల మీద కాళ్లు కొట్టుకున్న. అన్న నా చేతులు గట్టిగ పట్టుకోని, "మంట ఉంటెనే పని చేస్తున్నట్టు" అన్నడు.

నవంబర్ 17

కన్ను కడిగినట్టున్నది. గోడ మీది క్యాలెండర్ల తారీఖు సాఫ్‌గ కనబడ్డది. పదిహేడు.

వనజకు చెప్పిన. "రేపటి తిథి ఏందో చదువు" అన్నది. మనిషికి జర మంచిగైతె ఓర్వలేదు ఆమె.

నవంబర్ 21

పసరు పని చేస్తుంది.

జములమ్మ గిప్పుడు రోజు డోర్ కాడనే నిలబడుతుంది. ఎడ్ల బండి, స్పీడ్ బ్రేకర్, ఆర్టీసీ ఎదురొస్తుంది, అని చెప్తనే ఉంటది. నేనేం అడగలే. ఆమె అలవాటు. రేడియో పెట్టుకున్నట్టు వినుకుంట పోత.

సాయంత్రం దిగేటప్పుడు, "అన్నా, స్కూల్ సార్‌కు చెప్పుదామా?" అని అడిగింది.

"ఏమని?"

సంచి సంకల పెట్టుకోని దిగిపోయింది. ఆమెకు గూడ నౌకరి కావాలె గద.

నవంబర్ 27

జములమ్మ రాలే. జ్వరమంట. మంచిగైంది, చెవులకు జర ఆరాం.

నవంబర్ 27, సాయంత్రం

రాయాలె. ఎవ్వరికి చెప్పకున్నా ఈ నోట్‌బుక్కులనన్న ఉన్నది ఉన్నట్టు రాయాలె.

ఘణపూర్ దాటినంక మూలమలుపు కాడ రోడ్డు సగం దాంక వడ్లు ఆరవోసిండ్రు. సుట్టూ రాళ్లు పెట్టిండ్రు. నాకు రోడ్డు పసుపుపచ్చగ కనబడ్డది. ఎండ అనుకున్న. కాళ్లతోని వడ్లు తిరగేస్తున్న ఒకామె అరుచుకుంట దుంకింది. ఆమె అరిస్తెనే నాకు మనిషున్నదని తెల్సింది. స్టీరింగ్ కోసిన. చక్రం రాయి ఎక్కి, బస్సు ఒరిగి, పక్క మడిల ముక్కు పెట్టి ఆగింది.

పిల్లలు ఒకల మీద ఒకలు పడ్డరు. ముబషిరా మూతి కడ్డీకి తాకింది. ముంగటి పన్ను విరిగింది, పెదవి చీలింది. ఏడ్వలే ఆ పోరి. రక్తం చేతిల పట్టుకోని నా దిక్కు చూసింది. లేకపోతె చూసిందని నాకనిపిచ్చింది.

రోడ్డు మీద వడ్లు పోసుడు తప్పు కాదా? దాన్నెవ్వడు అడగడు. బ్రేక్ పట్టలేదని చెప్పిన. సార్ నమ్మిండు. మెకానిక్‌ను పిలిపిస్తనన్నడు.

నవంబర్ 28

నౌకరి ఖతం.

నిన్న పొద్దుమీకి జములమ్మ జ్వరంతోనే మా ఇంటికొచ్చిందంట. ఇంటి ముంగట వనజ జొన్నరొట్టెలు అమ్మనీకె పొయ్యి పెట్టుకున్నది గద, ఆడ కూసోని అన్ని చెప్పిందంట. ఇయ్యాల పొద్దుగాల వనజ స్కూల్‌కు పోయి డాక్టర్ చీటి చూపిచ్చొచ్చింది. నాకు చెప్పలే. సార్ ఫోన్ చేసి "నువ్వింక రాకు" అన్నంక తెల్సింది.

"నా నౌకరి తీపిచ్చినవ్."

"అవు. తీపిచ్చిన."

"పెండ్లానివా, పగదానివా?"

రొట్టె కొట్టుడు ఆపలే. "మనకు దేవుడు పిల్లలను ఇయ్యలే. ఇచ్చినోళ్ల పిల్లలను తీస్కపోయి గుంతల పడగొడ్తవా?" అన్నది.

నా చెయ్యి లేచింది. కొట్టలే. ఈ నోట్‌బుక్కుల అబద్ధం రాయద్దు: ఆమె మొఖం ఎక్కడున్నదో సక్కగ కనబడలే.

నవంబర్ 30

బాసిత్ వచ్చిండు. పోరిని గూడ తెచ్చిండు. పెదవికి కుట్లు పడ్డయంట. కొడ్తడేమో అని అరుగు మీది నుంచి లేచి నిలబడ్డ. కొట్టినా బాగుండు.

"శ్రవణ్ భాయ్, ఒక్కటే అడుగుత. నీకు కనబడ్తలేదని నీకెప్పుడు తెల్సింది?"

"మొన్ననే. గా రోజే."

పొయ్యి కాడ నుంచి వనజ అన్నది: "దసరా కంటె ముందే తెల్సు. డాక్టర్ గూడ చెప్పిండు, బస్సు నడపొద్దని."

బాసిత్ బిడ్డను దగ్గరికి గుంజుకున్నడు. నేను ఆయన చెప్పుల దిక్కే చూసుకుంట నిలబడ్డ. అవి గూడ మసక. "నా బిడ్డను నీ పక్క సీట్లనే కూసోవెడ్తుంటి, భాయ్. ఆడైతె నువ్వు చూస్కుంటవని" అన్నడు. బిడ్డను ఎత్తుకోని పోయిండు.

నేను వనజ దిక్కు తిరిగిన. "తృప్తి అయ్యిందా?"

"నీ పరువు కాపాడుడు నా వల్ల కాదు" అన్నది.

ఇగ ఆమెతోని మాట్లాడ. ఈ కండ్లు మంచిగ చేస్కోని, మళ్ల స్టీరింగ్ పట్టుకోని, ఈ గడప ముంగటికెల్లి హారన్ కొట్టుకుంట పోత. అప్పుడు చూడాలె ఆమె మొఖం.

డిసెంబర్ 3

ఒక్కన్నే రాజోలి పోయి రెండో తడవ పోయించుకున్న. ఇంట్ల పోస్కోనీకె సీసాల గూడ ఇచ్చిండు. పొద్దుగాల, సాయంత్రం.

డిసెంబర్ 6

కన్ను ఎర్రగైంది. అన్నకు ఫోన్ చేసిన. "చెడ్డ నీరు గుంజుతుంది. ఆపకు" అన్నడు. ఆపలే.

డిసెంబర్ 8

మంట.

డిసెంబర్ 9

నల్లద్దాలు కొన్న. వనజ చూస్తె మళ్ల పంచాయితి. ఆమె ఏమడగలే. నా కంచం ముంగట పెట్టి పోతది, నేను తింట. గిదే సంసారం.

డిసెంబర్ 10

కుడి కన్ను తెరుచుకుంటలేదు. పొర ఊడేటప్పుడు గట్లనే ఉంటది కావొచ్చు. అన్న ఫోన్ ఎత్తలే.

డిసెంబర్ 11

ఎత్తలే.

డిసెంబర్ 19

దవాఖానల ఉంటి. రాయలే. ఇప్పుడు ఎడమ కన్నుతోని పెద్ద పెద్ద అక్షరాలల్ల రాస్తున్న.

పన్నెండు తారీఖు దినం నొప్పికి గోడకు తలకాయ కొట్టుకున్ననంట. వనజ తమ్ముడు రాకేష్ ఆటో తెచ్చిండు. నేను ఎక్కనంటె, వాడు సంకల కింద చేతులు పెట్టి బస్తా లెక్క ఎత్తి లోపలేసిండు. ఆటోల అక్కాతమ్ముడు ఇద్దరిని అమ్మనక్క తిట్టిన. వాడు పాటలు పెట్టిండు, నా తిట్లు ఇనబడకుంట.

అదే నాగర్‌కర్నూల్ డాక్టర్. ఈసారి "అండి" లేదు. "ఏం పోసినవ్ దీన్ల?"

చెప్పిన.

"ఏం ఆకు?"

తెల్వదు. నేనడగలే. గిన్ని దినాలు కంట్ల పోస్కున్న గని ఏం ఆకని అడగలే.

"నల్లగుడ్డు మీద పెద్ద పుండైంది. మందులతోని పుండు మానుతది. మచ్చ మిగుల్తది. చూపు రాదు. మోతిబిందు తీస్తె ఈ కన్ను బంగారం లెక్క ఉండేది." కోపంగ అన్నడు, నేను వాని కన్ను పాడు చేసినట్టు.

వనజ తలకాయ ఊపలే ఈసారి. బయట బెంచీ మీద కూసోని కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందో లేదో నాకు కనబడలే. అడగలే.

డిసెంబర్ 27

పుండు మానుతుందంట. అద్దంల కుడి కన్ను దిక్కు చూస్తలేను.

ఎడమ కన్నుకు ఆపరేషన్ చేస్తమంటుండ్రు. చెయ్యనియ్య. ఒక్కటే ఉన్నది. దాన్ని గూడ వాని చేతుల పెట్టాల్నా? మసకనో గిసకనో, వెల్తురన్న తెలుస్తుంది. అన్న కన్ను నా ముంగట్నే ఉన్నది రోజు.

వనజ రుక్కమ్మ వదినతోని ఫోన్‌ల మాట్లాడ్తుంది. "మీ మరిదికి మీరన్న చెప్పండక్కా" అంటుంది. నేను ఉన్ననని తెల్సి గట్టిగనే మాట్లాడ్తుంది.

జనవరి 9

చాయ్ తాగొస్తనని ఒక్కన్నే బజారుకు పోయిన. రోడ్డు దాటుతుంటె బ్రేకులు అరిసినయ్. ఒంటికి ఇంజన్ వేడి తగిలింది, గంత దగ్గర్కొచ్చి ఆగింది.

"కండ్లు కనబడ్తలేవా, ముసలోడా?"

ముసలోడంట నన్ను. ఆ బస్సు సైలెన్సర్ చప్పుడు నాకు తెల్సు. నా బస్సే. కొత్త డ్రైవర్. డోర్ తెరుసుకున్నది, జములమ్మ దిగింది. నా మోచెయ్యి పట్టుకుంటె గుంజుకున్న. మళ్ల పట్టుకున్నది. "రా అన్నా, పిల్లలు చూస్తుండ్రు" అని పక్కకు తీస్కపోయి, చాయ్ హోటల్ అరుగు మీద కూసోవెట్టి పోయింది.

బస్సుల ఒక్కరు గూడ నవ్వలే. ఎప్పుడు నవ్వే పిల్లలు. ఎవ్వరు నవ్వలే.

చాయ్ తాగలే. ఇంటికొచ్చి వనజతోని "డేట్ అడుగు" అన్న. నవంబర్ సంది తిట్లు గాకుండ ఆమెతోని నేనన్న మొదటి మాట. ఆమె ఫోన్ తీసింది.

జనవరి 21

రేపు. షుగర్ తగ్గింది, బీపీ పెరిగింది. బీపీ చూసే నర్సమ్మను "నీ చేతులు చల్లగున్నయ్" అని కసురుకున్న. "భయమైతుందా?" అన్నది. "నీకు భయం కావాలె" అన్న.

వనజ కింద చాప మీద పండుకున్నది. రుక్కమ్మ వదిన చెప్పిన బురద కత నిజమేనా అని అడగాలనిపిచ్చింది. నిజమైతె అన్న నాకు అబద్ధం చెప్పినట్టు. అబద్ధమైతె రేపు నా కన్ను పోతది. రెండింట్ల ఏది కావాల్నో నాకే తెల్వదు. అడగలే.

జనవరి 24

ఎడమ కన్నుకు కట్టు ఇప్పిండ్రు. అద్దాలు పెట్టుకోని రాస్తున్న. జర జరనే రాయుమన్నరు.

ఆ టేబుల్ మీద మొఖానికి గుడ్డ కప్పినప్పుడు లేచి ఉరుకుదామనుకున్న. డాక్టర్ "లైట్ దిక్కు చూడు, కదలకు" అన్నడు. తిట్టిన. "తిట్టు గని తలకాయ కదపకు" అన్నడు. నొప్పి లేదు. నీళ్లల్ల రంగులు తిరిగినట్టైంది. నేను ఇంక తిట్టుడు ఖతం చెయ్యకముందే అయిపోయిందన్నరు. గింతేనా? గింత దానికేనా నా కుడి కన్ను? గట్టిగ అరవాలనిపిచ్చింది, ఎవరి మీద అరవాల్నో తెల్వలే.

ఇంటికొచ్చి చూస్తె ఫ్యాను మీద దుమ్ము, గోడల పగుళ్లు. అన్ని మొఖం మీదికొస్తున్నయ్. వనజ చాయ్ గ్లాస్ ఇచ్చింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాంక కాలిన మచ్చలు. పాతయి నల్లగ, కొత్తయి ఎర్రగ, ఒకటి ఇంక పచ్చిగనే ఉన్నది.

"ఇయ్యేంది?"

"పెన్నం. నువ్వు బస్సు దిగినప్పటి సంది రెండు పూటల రొట్టెలు కొడ్తున్న."

"చెప్పలే?"

"చూడలే నువ్వు" అన్నది. "మసక వల్ల గాదు. అంతకు ముందు గూడ."

గ్లాస్ కింద పెట్టిన. ఇంక ఎన్ని మాటలంటదో చూద్దామనుకున్న. పొయ్యి కాడికి పోయింది.

జనవరి 30

రవాణా ఆఫీస్ కాడ తెల్సినాయనను అడిగిన. ఒక్క కన్నుతోని బస్సు నడపనీకె రాదంట. ఎవ్వరిని అడిగినా అదే మాట. కూరగాయలు కోస్తున్న. వనజ చిన్న ముక్కలు చెయ్యుమంటది, నేను పెద్దయి చేస్త.

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దుగాల రుక్కమ్మ వదిన ఏడ్సుకుంట ఫోన్ చేసింది. అన్నకు ఉన్న కన్ను గూడ మసకైందంట. మాకెవ్వరికి చెప్పలే. రాజోలికి పోయిండంట, పసరు పోయించుకోనీకె.

నేను చొక్క తొడుక్కుంటుంటె వనజ పొయ్యి మీద నీళ్లు చల్లి చెప్పులేస్కుంటుంది.

"నిన్నెవరు రమ్మన్నరు?"

"నిన్నెవరు ఆపిండ్రు?"

శాంతినగర్ కాడ ఆటో మాట్లాడుకోని పోయినం. అదే షెడ్డు, అదే జనం. అన్న లైన్ల ముందట్నే ఉన్నడు, తలకు తువ్వాల సుట్టుకోని. ఆయన ఎన్క ఒక కన్నడపామె సంకల పిల్లను పెట్టుకోని నిలబడ్డది.

"అన్నా, లే. పోదాం."

"ఎవరు?" అన్నడు. మొఖం కనబడలేదో, గుర్తు పట్టదల్సుకోలేదో.

నల్లద్దాలు తీసి ఆయన మొఖానికి దగ్గర పెట్టిన. "ఇగ చూడు. ఈయన పోసిన కన్ను. చేపలు తిన్ననా? వంకాయ తిన్ననా? ఏం తప్పిన చెప్పు?"

"ఏదో తప్పింటవ్. తప్పకుంటె గిట్లెందుకైతది?"

"మరి నువ్వు బురదల దిగినవా, లేదా?"

చెంప మీద కొట్టిండు. చిన్నప్పుడు గూడ గంత గట్టిగ కొట్టలే. "డాక్టర్లకు అమ్ముడువోయినవ్ నువ్వు. నన్ను గుడ్డోన్ని చెయ్యనీకె వచ్చినవ్."

తెల్ల బట్టలాయన మెల్లగనే అన్నడు: "పథ్యం లేని మనిషికి నేనేం చేస్త? పక్కకు జరుగు బాబూ, ఎన్క జనమున్నరు." చేతిల గుడ్డ పిండనీకె తయారుగున్నది. అన్న మొఖం పైకెత్తిండు. ఉన్న ఒక్క కన్ను, ఆయన వేళ్లు రెప్ప మీద.

నేను కింద పెట్టిన పసరు గిన్నెను తన్నిన. పసరంత ఆయన తెల్ల బట్టల మీద పడ్డది. జనం మీదికొచ్చిండ్రు. చొక్క చినిగింది, నడుం మీద ఎవడో తన్నిండు, ఎడమ కన్నుకు రెండు చేతులు అడ్డం పెట్టుకోని కింద కూసున్న. వనజ అరుపు ఒక్కటే ఇనబడ్డది. "ఆపరేషనైన కన్ను! దూరం జరగండ్రి!" పెన్నం పట్టిన చేతులు గద, ఇద్దర్ని నూకేసింది. నన్ను లేపి, ఇంకో చేత్తోని అన్న మణికట్టు పట్టుకున్నది. "నడువు బావా."

"ఇడువు!"

"ఇడిస్తె నడుస్తవా? నడిచి చూపియ్యి."

అన్న నడ్వలే. ఆయనకు తొవ్వ కనబడ్తలేదు.

మేం పోతుంటె ఆ కన్నడపామె నన్నేమేమో తిట్టింది. గిన్నె తన్నినందుకు. పిల్ల రెండు కండ్లు పుసులు కట్టి ఉన్నయ్. వనజ ఆగి, వేళ్లతోని సైగలు చేసుకుంట గద్వాల పెద్ద దవాఖాన పేరు చెప్పింది. ఆమె మొఖం తిప్పుకున్నది.

బస్సుల అన్న తిడ్తనే ఉన్నడు. నన్ను, వనజను, వదినను, డాక్టర్లను, ప్రభుత్వాన్ని. కండక్టర్ రాంగనే "వీండ్లు నన్ను పట్టుకపోతుండ్రు" అన్నడు. కండక్టర్ నా చినిగిన చొక్క చూసిండు.

"మా అన్న. నాగర్‌కర్నూల్ దవాఖానకు" అన్న. "టికెట్ వనపర్తికి కొట్టు, ఆడ మారుతం."

"నేను రాను. పెబ్బేరుల దిగుత" అన్నడు అన్న. "నా ఊరికి నేను పోత."

దిగితె దిగనీ అనుకున్న. నా చెంప ఇంక మండుతనే ఉన్నది. ఈ మనిషిని మోసుకోని తిరగనీకె నేనేం తప్పు చేసిన?

పెబ్బేరుల బస్సు ఆగింది. శ్రీరంగాపూర్ పోయెటోళ్లు సంచులు పట్టుకోని దిగుతుండ్రు. అన్న సీటు కడ్డీ పట్టుకోని నిలబడ్డడు. వనజ లేచి తొవ్వ ఇచ్చింది. ఆయన చెయ్యి పట్టుకోలే, ఆపలే. నేను కిటికీ దిక్కు చూసిన.

"ఇది పెబ్బేరేనా?" అన్నడు.

"అవు."

డ్రైవర్ ఇంజన్ బంద్ చెయ్యలే. అందరు దిగిండ్రు, కొత్తోళ్లు ఎక్కిండ్రు. అన్న గట్లనే నిలబడ్డడు, కడ్డీ ఇడ్వకుండ. కండక్టర్ "దిగుతవా పెద్దమనిషి, రైట్ చెప్పాల్నా?" అని అడిగిండు.

అన్న కూసున్నడు. బస్సు కదిలినంక మళ్ల మొదటి నుంచి తిట్టుడు షురూ చేసిండు.